కవాతు లయను వాడుకోవడం ఎలా: మొదటి అడుగు నుంచి చివరి దెబ్బ దాకా

కవాతు నడిపించే బాధ్యత మీద పడినప్పుడు చాలామంది ముందు పాటను ఎంచుకుని, ఆ తరువాత మనుషులను ఆ పాటకు సరిపెట్టాలని చూస్తారు. వరుసలు చెదరడానికి సగం కారణం ఇదే. కాళ్లకు తమదైన వేగం ఒకటి ముందే ఉంటుంది. దానికి దగ్గరగా వచ్చిన తాళపు దెబ్బను అవి వెంటనే అందుకుంటాయి, దూరంగా ఉన్న దెబ్బను ఎంత గట్టిగా వాయించినా పట్టించుకోవు. తాళపు గతిని మన సంగీతజ్ఞులు 'నడక' అని కూడా పిలవడం నాకెప్పుడూ ఉత్త పోలికగా అనిపించలేదు. అందువల్ల ఈ పనిలో మొదట చేయవలసింది పాట వెతకడం కాదు, నడిచేవారి అడుగులను లెక్కపెట్టడం.

అడుగును కొలవడం

చదునైన నేలమీద, ఏ వాద్యమూ లేకుండా, మాటలు కూడా లేకుండా అందరినీ రెండు నిమిషాల పాటు మామూలుగా నడవనివ్వండి. మొదటి అరనిమిషాన్ని వదిలేసి, ఆ తరువాతి 30 సెకన్లలో ఒక మనిషి కుడిపాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కించి, దానిని నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఆ మనిషి వేసే అడుగుల సంఖ్య వస్తుంది. బృందంలో అయిదారుగురిని ఇలా కొలిస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఈ సంఖ్య ఎక్కువగా 100కూ 120కీ మధ్య పడుతుంది. మనుషుల తలకు చిన్న పరికరాలు అమర్చి, వారు తమ పనులు చేసుకుంటూ ఉండగానే గంటల తరబడి కదలికలను నమోదు చేసిన మెక్‌డూగల్, మూర్ అనే పరిశోధకులకు 2005లో కనిపించినది కూడా ఇలాంటిదే: కదలికలన్నీ సెకనుకు రెండు, అంటే నిమిషానికి 120 అనే లెక్క చుట్టూ గుమిగూడాయి.

సైన్యాలు ఈ సంగతిని పరికరాలు లేకుండానే అనుభవంతో పట్టుకున్నాయి. అమెరికా సైన్యంలో మామూలు కవాతు వేగం నిమిషానికి 120 అడుగులు, ఒక్కొక్క అడుగు 30 అంగుళాలు. ఆ లెక్కన నిమిషానికి సుమారు 91 మీటర్లు, గంటకు అయిదున్నర కిలోమీటర్లు సాగవచ్చు. అయితే ఈ సంఖ్యను అందరికీ వర్తించే శాసనంగా తీసుకోకూడదు. ఫ్రాన్సుకు చెందిన ఫారిన్ లీజియన్ దళం నిమిషానికి 88 అడుగులతో బరువుగా, తీరిగ్గా నడుస్తుంది. బ్రిటిష్ సైన్యంలోని రైఫిల్ దళాలు 140 వరకూ వెళతాయి. వారు ఆ వేగాన్ని నెలల తరబడి సాధన చేసి ఒంటికి పట్టించుకున్నవారు. శిక్షణ లేని బృందాన్ని దాని సహజ వేగం నుంచి నిమిషానికి ఎనిమిది పది అడుగులకు మించి పైకి గాని కిందికి గాని లాగకపోవడమే మంచిది.

బృందానికి ఒకే వేగాన్ని నిర్ణయించేటప్పుడు సగటు తీసుకోవడం పొరపాటు. వేగంగా నడిచేవారు కొంచెం తగ్గి నడవడానికి ఇబ్బంది పడరు కాని, నెమ్మదిగా నడిచేవారు వేగం అందుకోవడానికి పరుగులాంటిది మొదలుపెడతారు, దానితో వరుస మొత్తం కుదుపుకు లోనవుతుంది. కనుక నెమ్మదిగా నడిచేవారి లెక్కకు రెండు మూడు అడుగులు కలిపి ఆగండి. ఇంకొక విషయం ఎక్కువగా మరుగున పడుతుంది. పొట్టివారు దెబ్బను అందుకోవడంలో ఎవరికీ తీసిపోరు. వారిని అలసటకు గురిచేసేది అడుగు పొడవు. పొడుగువారిని ముందు నిలిపితే వారి అంగలను అందుకోవడానికి వెనుకవారు తమ తుంటి సాగినంత మేరా సాగవలసి వస్తుంది. సైన్యాలలో శిక్షణ పొందే స్త్రీలకు కటి ఎముకలో సన్నని పగుళ్లు రావడానికి ఇలా అంగలు సాచడం ఒక కారణమని వైద్యులు గుర్తించారు. పాదపు ఎముకలో వచ్చే ఇటువంటి పగులుకు 'కవాతు పగులు' అన్న పేరే ఉంది, దానిని ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే వర్ణించాడు. పొట్టివారిని ముందు వరుసలో నిలిపి, అంగ పొడవును వారినే నిర్ణయించనిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. చూపులకు వరుస అంత దర్జాగా ఉండకపోవచ్చు, కాని ఇంటికి చేరేటప్పటికి ఎవరూ కుంటరు.

పాటను ఎంచుకోవడం

మనిషికి కాళ్లు రెండు కనుక కవాతుకు రెండుగా విడిపోయే తాళం కావాలి. పాశ్చాత్య పద్ధతిలో చెబితే రెండు దెబ్బల, నాలుగు దెబ్బల ఆవర్తనాలూ (ఆవర్తనమంటే మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే తాళపు చుట్టు), ఒక్కొక్క దెబ్బ లోపల మూడుగా విడిపోయే ఆరు మాత్రల ఆవర్తనమూ పనికివస్తాయి. మన మాటల్లో మొదటివి చతురశ్ర నడక, చివరిది తిశ్ర నడక. చతురశ్రంలో అడుగు నిటారుగా, గట్టిగా పడుతుంది. తిశ్రంలో కొంచెం ఊపు వస్తుంది, దూరం నడవవలసి వచ్చినప్పుడు నాకు అదే హాయిగా అనిపిస్తుంది. మూడు దెబ్బల ఆవర్తనమూ, మిశ్రచాపు వంటి ఏడు మాత్రల తాళమూ కవాతుకు కుదరవు. ఆవర్తనంలో దెబ్బల సంఖ్య బేసి అయినప్పుడు బలమైన దెబ్బ ఒకసారి ఎడమకాలి మీద, మరొకసారి కుడికాలి మీద పడుతుంది, కొత్తవారికి ఏ కాలు ముందో తెలియకుండా పోతుంది. పెద్ద డ్రమ్ము మోగిన ప్రతిసారీ ఎడమకాలే నేలను తాకడం కవాతుకు మూలమైన కట్టుబాటు. ఆ ఒక్క గురుతు చెడితే మిగిలినవన్నీ చెడతాయి.

పాట వేగాన్ని తెలుసుకోవడానికి పదిహేను సెకన్లలో దెబ్బలను లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మెల్జెల్ అనే ఆయన 1815లో పేటెంటు పొందిన మెట్రోనోమ్, అంటే కోరిన వేగంలో నిలకడగా టిక్కుమనే పరికరం, ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది కనుక దానితో సరిచూసుకోవడం సులువు. పాటంతా ఒకే వేగంలో ఉందో లేదో చూడటం మరచిపోకూడదు. చాలా పాటలకు తాళం లేని ఆలాపనో, చివరలో మెల్లగా సాగే ముగింపో ఉంటుంది. వినడానికి అవి బాగుంటాయి, నడవడానికి మాత్రం గోతుల వంటివి. వాటిని కత్తిరించి, దెబ్బ మొదలైన చోటు నుంచి దెబ్బ నిలకడగా ఉన్నంత వరకే వాడండి. వేగం కొద్దిగా తేడాగా ఉంటే ధ్వనిని సవరించే సాఫ్ట్‌వేర్‌తో నాలుగైదు శాతం వరకు మార్చుకోవచ్చు, అంతకు మించితే గొంతులూ వాద్యాలూ వికృతంగా వినిపిస్తాయి.

వేగం సరిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ లెమన్ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగంలో పాటలన్నీ నిమిషానికి 130 దెబ్బలవే అయినా, కొన్ని పాటలకు మనుషులు అంగలు సాచి వేగంగా నడిచారు, కొన్నిటికి కుదించుకుని నెమ్మదిగా నడిచారు. అడుగు ఎప్పుడు వేయాలో లయ చెబుతుంది, ఎంత పొడవు వేయాలో పాట స్వభావం చెబుతుంది. అదే విశ్వవిద్యాలయం నుంచి అంతకు ముందు 2007లో వచ్చిన పరిశోధనలో ఒట్టి మెట్రోనోమ్ టిక్కులకన్నా అదే వేగంలోని సంగీతానికి మనుషులు చురుకుగా నడిచినట్టు తేలింది. అందువల్ల సాధనలో మెట్రోనోమ్‌ను ఎంత వాడినా, కవాతు రోజున దానినే నమ్ముకోవద్దు. ఎంచుకున్న పాటను పరీక్షించడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది: పాటను తగ్గించిన ధ్వనిలో పెట్టి, దానిని ముందు వినని ఇద్దరు ముగ్గురిని కళ్లు మూసుకుని నిలబడమంటాను. నాలుగైదు దెబ్బల లోపల వారి మడమ దానంతటదే లేస్తే ఆ పాట పనికివస్తుంది. తల మాత్రమే ఊగితే అది వినడానికి మంచి పాట, అంతే.

ధ్వని ఎక్కడి నుంచి రావాలి

ఒకసారి అరవై మంది పిల్లలను పొడవాటి బారుగా నిలిపి, స్పీకరును అందరికంటె ముందు నడిచే బండిమీద పెట్టించాను. ముందు వరుసలు అద్దంలో బొమ్మల్లా నడిచాయి, చివరివారు మాత్రం ఎంత చెప్పినా తప్పుతూనే ఉన్నారు. వారిని కోప్పడ్డాను కూడా. తప్పు పిల్లలది కాదని తరువాత లెక్క వేసుకుంటే తెలిసింది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. నిమిషానికి 120 అడుగుల కవాతులో ఒక అడుగుకూ మరొక అడుగుకూ మధ్య అరసెకను వ్యవధి ఉంటుంది. బారు చివరివాడు స్పీకరుకు 34 మీటర్ల దూరంలో ఉంటే దెబ్బ అతనికి సెకనులో పదోవంతు ఆలస్యంగా, అంటే అడుగులో అయిదోవంతు వెనుకగా చేరుతుంది. అతను తన చెవిని నమ్మి నడిస్తే ముందున్నవారితో కలవడు, ముందున్నవారిని చూసి నడిస్తే దెబ్బతో కలవడు. దూరం 170 మీటర్లకు చేరితే ఆలస్యం సరిగ్గా ఒక అడుగంత అవుతుంది. ముందువారి ఎడమకాలు నేలమీద పడే క్షణంలో వెనుకవారి కుడికాలు పడుతుంది.

దీనికి మార్గాలు మూడు. మొదటిది, బ్యాండునో స్పీకరునో బారు మధ్యలో పెట్టడం. దీనివల్ల ఆలస్యం ఇరువైపులకూ సగానికి సగం తగ్గుతుంది. రెండవది, చెవితో పాటు కంటికి కూడా గురుతు ఇవ్వడం. బ్యాండు ముందు నడిచే నాయకుడు పొడవాటి దండాన్ని పైకీ కిందికీ ఎత్తి దించడం వేడుక కోసమే కాదు, వెలుగుకు ఆలస్యం లేదు కనుక దూరంలో ఉన్న వాద్యకారులు ఆ దండాన్ని చూసి ఒకే క్షణంలో దెబ్బ వేయగలరు. మూడవది, పెద్ద బృందాన్ని ముప్పై నలభై మంది చొప్పున విడగొట్టి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క డ్రమ్మును ఇవ్వడం. అలా ఇచ్చినప్పుడు ఒక డ్రమ్ము మరొక భాగానికి వినిపించనంత ఎడం ఉంచాలి. వైర్లు లేని స్పీకర్లను బారు పొడవునా అమర్చే ఆలోచన వస్తే, అవన్నీ ఒకే క్షణంలో మోగుతున్నాయా అని ముందు విని చూసుకోండి. వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆలస్యం ఉండటం మామూలే.

ధ్వని ఎంత పెద్దగా ఉండాలన్న ప్రశ్నకు నా సమాధానం, చివరివాడికి దెబ్బ తెలిస్తే చాలు. చెవికి 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటల వరకు అనుమతించే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం, ప్రతి మూడు డెసిబెల్లకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్ల దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. ఇత్తడి వాద్యాల పక్కన, పెద్ద డ్రమ్ము పక్కన ఆ స్థాయి దాటడం కష్టమేమీ కాదు. వాయించేవారికీ, వారిని ఆనుకుని నడిచే పిల్లలకూ చెవి బిరడాలు ఇవ్వండి.

ఎత్తుకోవడం, సాగించడం

పాట మొదలైన క్షణంలోనే నడక మొదలుపెట్టించవద్దు. ముందు డ్రమ్ము ఒక్కటే ఎనిమిది దెబ్బలు వేయాలి, ఆ దెబ్బలకు అందరూ నిలుచున్న చోటే కాళ్లు కదపాలి, అప్పుడు ఎడమకాలితో ముందుకు సాగాలి. ఆజ్ఞను రెండు ముక్కలుగా ఇవ్వడం మేలు. మొదటి ముక్కను సాగదీసి పలికితే శరీరం సిద్ధపడుతుంది, రెండవ ముక్క పొట్టిగా, కచ్చితంగా ఒక దెబ్బ మీద పడితే అందరూ ఒకేసారి కదులుతారు. ఆపేటప్పుడు కూడా ఆజ్ఞ ఎప్పుడూ ఒకే పాదం మీద పడాలి, ఆ తరువాత ఎన్ని అడుగులకు ఆగాలో ముందే చెప్పి ఉంచాలి. ఎవరికైనా కాలు తప్పితే బారును ఆపనవసరం లేదు. ఒకే పాదంతో వెంటవెంటనే రెండు పొట్టి అడుగులు వేసి కాలు మార్చుకునే పద్ధతిని ముందుగా అందరికీ నేర్పండి, ఎవరికి వారే సరిదిద్దుకుంటారు.

వాద్యం లేని చోట గొంతు చాలు. నాయకుడు ఒక చరణం అంటే బృందం బదులు పలికే పద్ధతి చాలా పాతది. అమెరికా సైన్యంలో అది బాగా వ్యాపించడానికి 1944లో న్యూయార్క్ దగ్గరి ఫోర్ట్ స్లోకమ్‌లో విల్లీ డక్‌వర్త్ అనే సైనికుడు అలసిపోయిన తన బృందం కోసం కట్టిన పదం కారణమైంది. ఇటువంటి పదం మీరే కట్టుకోవచ్చు. చరణం నాలుగు దెబ్బలకు మించకూడదు, ప్రతి దెబ్బ మీద ఒక గట్టి అక్షరం పడాలి, అర్థం కన్నా అక్షరాల బరువు ముఖ్యం. బదులు పలికేటప్పుడు ఊపిరి బయటికి పోతుంది, నాయకుడు పలికేటప్పుడు లోపలికి వస్తుంది, ఆ విధంగా శ్వాస కూడా అడుగుతో పాటు క్రమంలో పడుతుంది. పలకడానికి రొప్పు వస్తున్నదంటే వేగం ఎక్కువైందని అర్థం, ఆ సూచన ఏ పరికరమూ ఇవ్వనంత త్వరగా అందుతుంది.

ఒంటరిగా నడిచేవారికి

1911లో లెనర్డ్ ఎయర్స్ అనే అమెరికా విద్యావేత్త, న్యూయార్క్‌లో ఆరు రోజుల పాటు సాగిన సైకిల్ పందెంలో ఒక సంగతి గమనించి రాశాడు: బ్యాండు వాయిస్తున్నప్పుడు పోటీదారులు గంటకు సగటున 19.6 మైళ్ల వేగంతో, అది ఆగినప్పుడు 17.9 మైళ్ల వేగంతో తొక్కారు. సంగీతం శ్రమను తగ్గించదు, శ్రమ తెలియడాన్ని తగ్గిస్తుంది. ఒక మోస్తరు వ్యాయామంలో ఈ తగ్గుదల పది శాతం దాకా ఉంటుందని క్రీడా మనస్తత్వవేత్తల అంచనా. ఊపిరి అందనంత తీవ్రంగా శ్రమిస్తున్నప్పుడు మాత్రం ఒంటి గోల పాటను ముంచేస్తుంది, అప్పుడు దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. మీ సహజ వేగానికి సమానమైన పాటతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు దెబ్బలు పెంచుకుంటూ పోవడం మంచి పద్ధతి. వాహనాలు తిరిగే దారిలో అయితే ఒక చెవిని ఖాళీగా ఉంచండి.

అడుగు తడబడేవారికి

లయ నిజంగా తన సత్తా చూపించేది ఇక్కడ. పార్కిన్సన్ వ్యాధిలో మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా దెబ్బతిని, 'ఇప్పుడు కదులు' అనే లోపలి సంకేతం సరిగా అందదు. కాళ్లలో బలం ఉన్నా అడుగు నేలకు అతుక్కుపోతుంది. బయటి నుంచి వచ్చే నిలకడైన దెబ్బ ఆ లోపలి సంకేతానికి బదులుగా పనిచేయగలదు. మైకేల్ థౌట్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో మూడు వారాల పాటు లయతో నడక సాధన చేసిన పార్కిన్సన్ రోగుల నడక వేగం సుమారు 25 శాతం పెరిగింది. పక్షవాతం తరువాత నడక నేర్చుకునేవారికి కూడా ఇదే పద్ధతిని వాడుతున్నారు.

ఇంట్లో ప్రయత్నించేముందు వైద్యుడితో, ఫిజియోథెరపిస్టుతో తప్పక మాట్లాడండి. కొందరిలో అడుగులు పొట్టివై వాటంతట అవే తొందరపడతాయి, అటువంటివారికి వేగం పెంచడం వల్ల పడిపోయే ప్రమాదం ఉంది. మొదటి రోజులలో దెబ్బ వేగం రోగి సహజ వేగానికి సమానంగానే ఉండాలి, ఆ వేగంలో అంగ పొడవు పెరిగి నిలకడ వచ్చిన తరువాతనే, అదీ చికిత్సకుడు చెబితేనే, అయిదు పది శాతం పెంచాలి. ఒక మనిషి పక్కనే నడవాలి. గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర అడుగు ఎక్కువగా ఆగిపోతుంది కనుక ఆ చోటికి చేరకముందే దెబ్బ మొదలు కావాలి. పాట గుర్తుకు రాకపోతే 'ఒకటి, రెండు' అని పైకి లెక్కపెట్టడం కూడా పనిచేస్తుంది.

ఎక్కడ లయను విడవాలి

వంతెన మీద, అందులోనూ వేలాడే వంతెన మీద, కదం కలపకూడదు. 1831 ఏప్రిల్ 12న ఇంగ్లండులోని బ్రౌటన్ వేలాడే వంతెన మీద 74 మంది సైనికులు నడుస్తుండగా వంతెన అడుగులకు అనుగుణంగా ఊగసాగింది. వారు దానిని వేడుకగా భావించి ఈలతో కవాతు రాగం అందుకున్నారు. కొద్దిసేపటికే వంతెన ఒక చివర విరిగి, నలభై మంది దాకా నదిలో పడ్డారు, ఎవరూ మరణించలేదు. వంతెనలో ముందే లోపమున్న ఒక బోల్టు ఉన్నా, బ్రిటిష్ సైన్యం అప్పటి నుంచి వంతెనల మీద కదం విడవాలని ఆజ్ఞాపించింది. 1850లో ఫ్రాన్సులోని ఆంజేలో గాలివానలో ఊగుతున్న వంతెన మీద కదం విడిచే నడిచిన సైనికులు, తూలిపోకుండా ఉండడానికి ఆ ఊపుకు తగ్గట్టు అడుగు వేయసాగారు, ఆ ప్రమాదంలో 200 మందికి పైగా మరణించారు. 2000లో లండన్‌లో తెరిచిన మిలీనియం వంతెన మీద ఎవరూ కవాతు చేయకపోయినా, అదే కారణంతో జనం అడుగులు ఒకటై అది పక్కకు ఊగింది, రెండు రోజులలో మూసివేయవలసి వచ్చింది. కనుక వంతెనకు ముందే డ్రమ్మును ఆపించి, బారును పలుచన చేసి, మాట్లాడుకుంటూ దాటమనండి. ఊగడం మొదలైతే అడుగు మార్చుకోవడం కంటె నిలిచిపోవడం మేలు.

మనసు విషయంలో కూడా ఇటువంటి జాగ్రత్త ఒకటి అవసరమని నా అభిప్రాయం. 2009లో స్కాట్ విల్టర్‌మూత్, చిప్ హీత్ చేసిన ప్రయోగాలలో కదం కలిపి నడిచినవారు, విడివిడిగా నడిచినవారికన్నా తరువాతి ఆటలో ఒకరితో ఒకరు ఎక్కువగా సహకరించుకున్నారు. కవాతు ఇచ్చే మంచి ఫలం ఇది. అయితే అదే విల్టర్‌మూత్ తరువాత చేసిన పనిలో, నాయకుడితో కదం కలిపి నడిచినవారు అతను కోరగానే చిన్న పురుగులను చంపే పనికి ఎక్కువగా ఒప్పుకున్నట్టు తేలింది. 2014లో ఫెస్లర్, హోల్‌బ్రూక్ ప్రచురించిన ప్రయోగంలో కదం కలిపి నడిచిన పురుషులకు ఎదుటి మనిషి చిన్నవాడుగా, బలహీనుడుగా తోచాడు. ఒకరితో ఒకరిని కలిపే లయే ఎదురు చెప్పే గొంతును కూడా కాస్త అణుస్తుంది. ఈ కారణంగా కవాతు ముగిసిన వెంటనే ఎవరితోనూ ప్రమాణాలు చేయించవద్దు, సంతకాలు పెట్టించవద్దు, చేతులెత్తించి తీర్మానాలు చేయించవద్దు. చివరి దెబ్బ పడ్డాక బారును చెదరనిచ్చి, డ్రమ్ములను పక్కన పెట్టించి, పదిహేను నిమిషాలు ఎవరికి తోచిన వేగంతో వారిని తిరగనివ్వండి, మంచినీళ్లు తాగనివ్వండి. ఏదైనా అడగవలసి ఉంటే ఆ తరువాత అడగండి.